కుక్క కాటుకు చెప్పుదెబ్బ చాలదు

కుక్క కాటుకు చెప్పుదెబ్బ అని మనకో సామెత ఉంది. తప్పు చేసినవాడికి అప్పటికప్పుడే, అక్కడికక్కడే బుద్ధి చెప్పాలన్నది దాని తాత్పర్యం. సామెతగా దానికి వంక పెట్టలేం. చిక్కల్లా ఏమిటంటే, మన ఊళ్ళూ మున్సిపాలిటీలూ దాన్ని సామెతగా వదిలెయ్యకుండా ఒక విధానంగా పాటిస్తూ వచ్చాయి. ఎక్కడో ఓ పిల్లవాణ్ణి కుక్క కరుస్తుంది. గొడవవుతుంది, పేపర్లో పడుతుంది. నాలుగు రోజులు కుక్కల బండి హడావుడిగా తిరుగుతుంది. కొన్ని ఊళ్ళలో రాత్రికి రాత్రి విషం కలిపిన మాంసం ముక్కలు వీధుల్లో పడతాయి. ఐదో రోజుకి అందరూ మర్చిపోతారు. ఆరు నెలలు తిరక్కుండా అదే వీధిలో కొత్త కుక్కలు, కొత్త కాట్లు.

2025 ఆగస్టు 11న ఢిల్లీ వీధికుక్కల మీద సుప్రీంకోర్టు ఆదేశం ఇచ్చాక ఈ చర్చ సముద్రాలు దాటి మన దగ్గరికీ వచ్చింది. ఢిల్లీలోనూ చుట్టుపక్కలా ఉన్న వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టమన్నది ఆ ఆదేశం. పదకొండు రోజులకే, ఆగస్టు 22న, కోర్టు దాన్ని సవరించింది. ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదిలిపెట్టండి, పిచ్చి పట్టినవాటినీ మీదపడి కరిచేవాటినీ మాత్రం వదలకండి అంది. నవంబరు 7న మళ్ళీ, బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల వంటి చోట్ల పట్టిన కుక్కల్ని తిరిగి అక్కడ వదలకూడదని చెప్పింది. ఈ మూడు ఆదేశాల మధ్యకాలంలో ఇక్కడ మన వారాంతపు విందుల్లో రెండు పార్టీలు తయారయ్యాయి.

"అన్నిటినీ ఏరి పారెయ్యాలండీ. అమెరికాలో చూడండి, వీధిలో ఒక్క కుక్క కనిపిస్తుందా?" అని ఒక పార్టీ. "అయ్యో, మూగజీవాలండీ, ధర్మరాజు కుక్కని వదిలి స్వర్గానికి కూడా వెళ్ళనన్నాడు" అని ఇంకో పార్టీ. పులిహోర ప్లేట్లు ఖాళీ అయ్యేదాకా వాదించుకుంటారు. ఆ రెండు పార్టీల వాళ్ళ ఇళ్ళల్లోనూ, మెడలో రేబీస్ బిళ్ళ వేలాడుతున్న కుక్క ఒకటి సోఫా మీద పడుకుని ఉంటుంది. అసలు జవాబు ఆ బిళ్ళలో ఉందని మాత్రం ఎవరికీ తోచదు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మన దేశంలో కుక్క కాటు వల్ల మనుషులు చచ్చిపోవడం ఆగాలంటే కుక్కల్ని చంపీ ప్రయోజనం లేదు, ప్రేమించీ ప్రయోజనం లేదు. ప్రతి పదింటిలో ఏడు కుక్కలకి, ఏటేటా, తప్పకుండా టీకా వెయ్యాలి. ఇది నా సొంత తెలివి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దశాబ్దాలుగా చెబుతున్న మాట. చేసి చూపించిన దేశాలున్నాయి. మన దేశంలోనే చేసి చూపించిన రాష్ట్రం ఉంది. చెయ్యనిది మనమే.

ముందు జబ్బు సంగతి. రేబీస్ లక్షణాలు ఒకసారి కనిపించాయంటే దాదాపుగా మరణమే. వైద్యం లేదు. కాటు వేసినచోటి నుంచి ఆ వైరస్ నరాల వెంబడి మెల్లిగా మెదడుకి పాకుతుంది. దానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది, ఒక్కోసారి వారమే పట్టవచ్చు, ఒక్కోసారి ఏడాది పట్టవచ్చు. ఆ తర్వాత గొంతు పట్టేస్తుంది. దాహం వేస్తుంది, నీళ్ళ గ్లాసు చూస్తే ఒళ్ళంతా వణుకు. మధ్య మధ్య స్పృహ వస్తుంది, తనకేం జరుగుతోందో తెలుస్తూ ఉంటుంది. మన దేశంలో ఏటా 20 వేల మంది దాకా ఇలా పోతున్నారని పాత అంచనాలు. ఈమధ్య భారత వైద్య పరిశోధన మండలి సర్వే ఆధారంగా వచ్చిన కొత్త అంచనా ప్రకారం ఆ సంఖ్య 5,700 పైచిలుకు. తగ్గిందని సంతోషించాలంటే సంతోషించవచ్చు. అయితే ఆ తగ్గిన లెక్క ప్రకారం కూడా సుమారు గంటన్నరకి ఒకరు. ప్రపంచం మొత్తం మీద ఈ జబ్బుతో పోయేవాళ్ళలో పదింట నలుగురు పదిహేనేళ్ళ లోపు పిల్లలు. పిల్లలే ఎందుకంటే, వాళ్ళే కుక్కలతో ఆడతారు, వాళ్ళ తలా మొహమే కుక్క నోటికి అందే ఎత్తులో ఉంటాయి, అమ్మ తిడుతుందని కాటు సంగతి దాచేదీ వాళ్ళే.

మనిషికి వచ్చే రేబీస్‌లో నూటికి 99 వంతులు కుక్క వల్లే. అంటే ఈ చావులన్నిటికీ ఒకే ఒక్క తలుపు ఉంది. ఆ తలుపు ముయ్యడానికి తాళం 1885లో లూయీ పాశ్చర్ తయారుచేసిన రోజు నుంచీ మెరుగుపడుతూనే ఉంది. మలేరియాకీ డెంగీకీ దోమల్ని వెతుక్కుంటూ పోవాలి. ఇక్కడ ఆ అవస్థ కూడా లేదు. మన గుమ్మంలోనే కూర్చుని తోక ఊపుతోంది.

"అమెరికాలో వీధికుక్కలు లేవు కాబట్టి రేబీస్ లేదు" అన్నది మొదటి పార్టీ వాదన. ఇందులో సగమే నిజం. రెండో ప్రపంచ యుద్ధం నాటికి అమెరికాలో ఏటా వేల సంఖ్యలో కుక్కలకి పిచ్చి పట్టేది. వీధుల్లో తిరిగే కుక్కల్ని పట్టారు, గొలుసు చట్టాలు తెచ్చారు, షెల్టర్లలో చాలా కుక్కల్ని చంపారు కూడా. ఇవన్నీ జరిగాయి. వాటితోపాటు 1940ల చివరి నుంచి ఊరూరా కుక్కలకి టీకాలు వేశారు, టీకా కాగితం లేనిదే లైసెన్సు ఇవ్వం అన్నారు. చివరికి 2007లో, కుక్క నుంచి కుక్కకి పాకే రకం రేబీస్ ఈ దేశంలో లేకుండా పోయిందని ప్రకటించారు. ఇప్పటికీ ఇక్కడ గబ్బిలాలకీ, రకూన్లకీ, స్కంకులకీ రేబీస్ ఉంది. అయినా మనుషుల్లో ఏడాదికి వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని కేసులే. మధ్యలో టీకా వేసిన కుక్క గోడలా నిలబడి ఉంది. న్యూజెర్సీ ఊళ్ళలో చలికాలం శనివారాలు ఫైర్ స్టేషన్లకి కుక్కల్ని తోలుకెళ్ళి ఉచితంగా సూది వేయించుకొచ్చే వాళ్ళని మీరంతా చూసే ఉంటారు. అక్కడ మీరు కుక్కల్ని ప్రేమిస్తారా, అసహ్యించుకుంటారా అని ఎవరూ అడగరు. వరసలో నిలబడండి అంటారు, అంతే.

అమెరికా పోలిక నచ్చకపోతే మెక్సికో చూడండి. అక్కడ వీధుల్లో కుక్కలున్నాయి, పేదరికం ఉంది, అవినీతి ఉంది, మనకున్నవన్నీ ఉన్నాయి. 1990ల నుంచి ఏటా దేశమంతటా ఉచితంగా కుక్కలకి టీకాలు వేసుకుంటూ పోయారు. కుక్క వల్ల వచ్చే రేబీస్‌తో మనుషులు చనిపోవడాన్ని పూర్తిగా ఆపిన మొదటి దేశంగా 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మెక్సికోని గుర్తించింది. వీధుల్లో కుక్కలు తిరుగుతూనే ఉన్నాయి, రేబీస్ పోయింది. రెండూ ఒకేసారి సాధ్యమే.

మరి చంపేస్తే ఏం పోయింది అంటారా? ఇండోనేషియాలో ఫ్లోరెస్ అనే దీవి ఉంది. 1997లో బయటి నుంచి పడవలో తెచ్చిన కుక్కలతో అక్కడికి రేబీస్ వచ్చింది. అధికారులు లక్షల్లో కుక్కల్ని చంపించారు. రేబీస్ ఇప్పటికీ అక్కడే ఉంది. 2008లో బాలిలోనూ అదే కథ. మొదట చంపడం మొదలుపెట్టారు, జబ్బు దీవి అంతా పాకింది. 2010లో దీవి మొత్తానికి టీకాలు మొదలుపెట్టాకే అటు కుక్కల్లోనూ ఇటు మనుషుల్లోనూ కేసులు దిగొచ్చాయి.

ఇందులో మాయ ఏమీ లేదు. కుక్కల్ని చంపే బండి వస్తే ముందు దొరికేది మనిషిని నమ్మిన కుక్క, పిలిస్తే దగ్గరికొచ్చే కుక్క. దానికి ఎవరో ఒకరు టీకా వేయించి ఉండే అవకాశం కూడా ఎక్కువ. అది చచ్చింది. బెదురుగొడ్డులా పారిపోయే కుక్క మిగిలింది. ఖాళీ అయిన జాగాలోకి పక్క పేటలోంచి కొత్త కుక్కలు వస్తాయి. చెత్తకుప్ప అక్కడే ఉంది కాబట్టి పుట్టిన పిల్లలకి తిండి దొరుకుతుంది, ఎక్కువ బతుకుతాయి. కొన్నాళ్ళకి లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. కాకపోతే ఈసారి వాటిలో ఒక్కదానికీ టీకా ఉండదు. డబ్బు ఖర్చుపెట్టి, పాపం మూటగట్టుకుని, ఉన్న గోడని మనమే కూల్చుకున్నట్టు.

పోనీ అన్నిటినీ షెల్టర్లలో పెడదామా? 2019 పశుగణన ప్రకారం దేశంలో వీధికుక్కలు సుమారు 1 కోటి 53 లక్షలు. వాటికి గదులు, తిండి, వైద్యం, కాపలా, జీవితాంతం. ఊళ్ళో బడికి మరుగుదొడ్డి కట్టడానికి డబ్బుల్లేవనే ప్రభుత్వాలు కోటిన్నర కుక్కలకి వసతిగృహాలు కడతాయని నమ్మేవాళ్ళకి నమస్కారం. పైగా టీకాలు వెయ్యకుండా వందల కుక్కల్ని ఒక్కచోట కుక్కితే అక్కడ జరిగేది రేబీస్‌తో పాటు డిస్టెంపర్, పార్వోల సంబరం.

ఇక రెండో పార్టీ. సాయంత్రం అయ్యేసరికి పెరుగన్నం డబ్బా, బిస్కెట్ పొట్లాలు పట్టుకుని బయల్దేరే వాళ్ళంటే నాకు గౌరవమే. కాకపోతే వాళ్ళని ఒక్క మాట అడగాలి. మీరు రోజూ అన్నం పెట్టే పది కుక్కల్లో ఎన్నిటికి ఈ ఏడాది సూది పడింది? లెక్క తెలియకపోతే మీరు చేస్తున్నది సగం పుణ్యమే. అన్నం వల్ల ఒకచోట గుమిగూడిన కుక్కల్లో ఒక్కదానికి పిచ్చి పడితే తక్కినవాటికి సోకడం సులువు. అదే సమయంలో, ఈ పనికి మీకంటే తగినవాళ్ళు ఊళ్ళో ఇంకెవరూ లేరు. కుక్కకి టీకా వెయ్యడంలో మందు ఖరీదు పెద్ద ఖర్చు కాదు, కుక్కని పట్టుకోవడమే ఖర్చు. వలలు, బండ్లు, మనుషులు కావాలి. మీరు పేరు పెట్టి పిలిస్తే వచ్చి మీ ఒళ్ళో మూతి పెట్టే కుక్కకి వల అక్కర్లేదు. డాక్టరు పక్కన నిలబడితే అరనిమిషం పని. జాలి ఉన్నవాళ్ళ చేతికి సూది కూడా అందించగలిగితే మున్సిపాలిటీకి సగం బరువు దిగుతుంది.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తున్నాం కదా అని అధికారులు అంటారు. 2001 నియమాలూ, వాటి స్థానంలో వచ్చిన 2023 నియమాలూ ఆపరేషనుతో పాటు రేబీస్ టీకా కూడా వెయ్యాలనే చెబుతున్నాయి. మంచిదే. అది కుక్కల సంఖ్య తగ్గించడానికి పనికొస్తుంది, కొన్నేళ్ళు పడుతుంది. దానికి ఆపరేషన్ గది కావాలి, సర్జను కావాలి, కుట్లు మానేదాకా కుక్కని ఉంచుకోవాలి. అందుకే ఏ ఊళ్ళోనూ అది ఒక్క ఏడాదిలో నూటికి డెబ్భై కుక్కల్ని అందుకునే వేగంతో సాగడం లేదు. చెవి కత్తిరించిన కుక్కకి సూది ఎప్పుడో ఒకసారి పడింది, మళ్ళీ వెయ్యాలన్న ధ్యాస ఎవరికీ ఉండదు. ఆపరేషన్లు చెయ్యండి. ఆ పేరు చెప్పి టీకాల కార్యక్రమం ఎగ్గొట్టకండి.

ఇంతకీ డెబ్భై అన్న లెక్క ఎక్కడిది? పిచ్చి పట్టిన ఒక కుక్క, చచ్చేలోపల సగటున ఒకటికి కాస్త ఎక్కువ, రెండుకి తక్కువ కుక్కలకి జబ్బు అంటిస్తుంది. తట్టు సోకిన పిల్లవాడు డజనుకి పైగా పిల్లలకి అంటించగలడు. ఆ లెక్కన రేబీస్ చాలా నీరసంగా పాకే జబ్బు. ఏ సమయంలో చూసినా పదింటిలో మూడో నాలుగో కుక్కలకి రక్షణ ఉంటే చాలు, అది దారి దొరక్క ఆరిపోతుంది. మరి ఏడెందుకంటే, వీధికుక్క బతుకు చిన్నది. టీకా వేసినవాటిలో కొన్ని ఏడాది తిరిగేలోపల లారీల కింద పడి, జబ్బు చేసి పోతాయి. కొత్త పిల్లలు పుడతాయి. ఈరోజు డెబ్భై శాతం ఉంటే, వచ్చే ఏటి దాకా ఆ ముప్పై నలభై కిందికి దిగకుండా ఉంటుంది. అందుకే ఏటేటా వెయ్యాలి, అందుకే డెబ్భై ఉండాలి. పదిహేను శాతం కుక్కలకి వేసి ఫొటోలు దిగితే ఆ పదిహేను కుక్కలు బాగుంటాయి గానీ ఊరికి ఒరిగేదేమీ లేదు.

ఇది మన దేశంలో కుదరదు అనేవాళ్ళు గోవా వెళ్ళి చూడాలి. 2013లో మొదలుపెట్టి అక్కడి ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థ కలిసి వీధి వీధీ తిరిగి, ఏ సందులో ఎన్ని కుక్కలకి వేశారో ఫోనులో నమోదు చేసుకుంటూ, ఏడాదికి 95 వేల పైచిలుకు కుక్కలకి టీకా వేసే స్థాయికి వచ్చారు. ఏటా లక్షన్నర మంది బడిపిల్లలకి కుక్క కరిస్తే ఏం చెయ్యాలో నేర్పారు. 2019 నాటికి కుక్కల్లో రేబీస్ కేసులు 92 శాతం తగ్గాయి. మనుషుల్లో రేబీస్ చావులు ఆగిపోయాయి. 2021లో గోవాని రేబీస్ అదుపులో ఉన్న ప్రాంతంగా ప్రకటించారు. అక్కడి కుక్కలు వేరే జాతివి కావు, అక్కడి మనుషులు దేవతలూ కారు.

మనకి చేతకాక కాదు. గాలికుంటు వ్యాధికి 2019లో మొదలైన కేంద్ర పథకం కింద దేశంలో ఉన్న ఆవులకీ గేదెలకీ ఆరు నెలలకోసారి టీకాలు వేస్తున్నారు. కోట్ల లెక్కన! మన పల్లెల్లో పశువుల డాక్టరు వస్తే రైతులు గేదెల్ని తోలుకొచ్చి వరసలో నిలబెట్టడం అందరం చూసిందే. గొర్రెలకి వేస్తారు, కోళ్ళకి కొక్కెర తెగులు రాకుండా చుక్కలు వేస్తారు. గేదె పాలిస్తుంది, గొర్రె మాంసం ఇస్తుంది, కోడి గుడ్డు పెడుతుంది. కుక్క ఇచ్చేదేమీ లేదు, దాని తరఫున వరసలో నిలబడే ఆసామీ లేడు. అందుకని దాన్ని గ్రామసింహం అని వెక్కిరించి వదిలేశాం. దాని వల్ల పోయే ప్రాణం మనిషిదన్న సంగతి ఆ లెక్కల పుస్తకంలో ఎక్కలేదు.

అన్నిటికన్నా సిగ్గుచేటు ఏమిటంటే, ఆ టీకా తయారయ్యేది మన హైదరాబాదులోనే. జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ 1982లో పెట్టిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ ఉన్నది అక్కడే. కుక్కకి వేసే రక్షారాబ్ వాళ్ళదే, మనిషికి వేసే అభయ్‌రాబ్ వాళ్ళదే. ఇక్కడ తయారైన టీకాలు పరాయి దేశాలకి వెళుతున్నాయి. మనకి దీపం కింద చీకటి.

కుక్కపిల్లల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే అందరూ మోసపోయేది అక్కడే. పిల్ల కదా, పాలపళ్ళు కదా, దానికేం రోగం ఉంటుంది అనుకుంటారు. రేబీస్‌కి వయసుతో పని లేదు. 2025లో ఉత్తరప్రదేశ్‌లో ఒక యువ కబడ్డీ ఆటగాడు మురుగు కాలువలో పడిన కుక్కపిల్లని బయటికి తీస్తుంటే అది వేలు కొరికింది. చిన్న గాటే కదా అని వదిలేశాడు. కొన్ని వారాల తర్వాత రేబీస్‌తో పోయాడు. పెంపుడు కుక్కకి మూడు నెలలు నిండాక రేబీస్ టీకా వెయ్యడం రివాజు. వీధుల్లో సామూహికంగా వేసేటప్పుడు మాత్రం మూడు నెలల లోపు పిల్లల్ని కూడా వదలొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మళ్ళీ ఏడాదికి ఆ పిల్ల కనిపిస్తుందో లేదో, దొరికిన రోజే వేసెయ్యాలి.

కొనుక్కునే పిల్లల కథ ఇంకో రకం. హైదరాబాదులోనూ విజయవాడలోనూ నెల కూడా నిండని లాబ్రడార్ పిల్లని అట్టపెట్టెలో పెట్టి అమ్ముతారు. తల్లిపాల వల్ల వచ్చిన రక్షణ కొన్ని వారాలు ఉంటుంది. అది ఉన్నంతకాలం టీకా సరిగ్గా పనిచెయ్యదు. అది ఎప్పుడు పోతుందో ఒక్కో పిల్లకి ఒక్కో రకం. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి డిస్టెంపర్, పార్వో టీకాలు వేస్తారు. "ఒకటి వేశామండీ, సరిపోదా?" అంటే సరిపోదు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. ఒక పిల్ల రక్తవిరేచనాలతో చచ్చిన పెరట్లోకే ఇంకో పిల్లని తెచ్చి, "మా ఇంటికి కుక్క అచ్చిరాదు" అని వాస్తు పండితుణ్ణి పిలిచే వాళ్ళున్నారు. అచ్చిరానిది ఇల్లు కాదు, వెయ్యని రెండో సూదీ మూడో సూదీ.

పెద్ద కుక్కల్ని ఇంకా తేలిగ్గా మర్చిపోతాం. చిన్నప్పుడు వేయించాం కదా అంటారు. ఏడాదికి బూస్టరు, ఆ తర్వాత రేబీస్‌కి ఏటా గానీ మూడేళ్ళకోసారి గానీ, ఆ మందును బట్టి, ఆ ఊరి చట్టాన్ని బట్టి వెయ్యాలి. అన్ని కుక్కలకీ అన్ని టీకాలూ అక్కర్లేదు, నిజమే. కొన్ని టీకాలు అది తిరిగే చోటును బట్టి ఉంటాయి. ఎక్కడో ఒక కుక్కకి మొహం వాయడం, దద్దుర్లు రావడం కూడా నిజమే. అందుకు డాక్టరుతో మాట్లాడాలి. అంతేగాని, "మా టామీ ఇల్లు కదలదు, దానికెందుకు రసాయనాలు" అనే మాట ఈమధ్య ఇక్కడి మన వాళ్ళ నోట కూడా వినిపిస్తోంది. 2023లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం అమెరికాలో కుక్కల్ని పెంచేవాళ్ళలో సగానికి పైగా మందికి కుక్కల టీకాల మీద ఏదో ఒక అనుమానం ఉంది. టీకా వేస్తే కుక్కకి ఆటిజం వస్తుందని నమ్మేవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు! ఇల్లు కదలని టామీ దగ్గరికి గబ్బిలం తనే వస్తుంది. ఈ దేశం నిశ్చింతగా నిద్రపోతున్నది పక్కింటివాళ్ళు సూది వేయించడం వల్ల. ఆ నీడలో కూర్చుని చెట్టుని తిట్టడం మర్యాద కాదు.

నా వాదనకి హద్దు ఎక్కడో కూడా చెప్పాలి. టీకా వేసిన కుక్క కూడా కరుస్తుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లవాణ్ణి కుక్కలు గుంపుగా మీదపడి చంపాయి. అది రేబీస్ కాదు, ఏ టీకా దాన్ని ఆపేది కాదు. దానికి చెత్త తియ్యాలి, ఆపరేషన్లు చెయ్యాలి, మీదపడే కుక్కల్ని అక్కణ్ణించి తప్పించాలి. ఆ తల్లిదండ్రుల ముందు నిలబడి జంతుప్రేమ గురించి ఉపన్యాసం ఇచ్చే ధైర్యం నాకు లేదు. కుక్క కరిచినప్పుడు, దానికి టీకా వేశారని తెలిసినా సరే, పదిహేను నిమిషాలు సబ్బుతో ధారగా నీళ్ళకింద కడగాలి, ఆసుపత్రికి వెళ్ళాలి. కారం, సున్నం, పసరు పెట్టకూడదు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం ఇంకా మన పెద్దవాళ్ళని వదల్లేదు. గొర్రె మెదడుతో చేసిన ఆ పాత మందుని మన దేశం 2004 చివరికే ఆపేసింది. ఇప్పుడు నాలుగైదు సూదులు, అవీ భుజానికి. గాయం లోతుగా ఉంటే గాయం చుట్టూ ఇంకో మందు. అంతే. ఈ కబురు కూడా చాలా ఊళ్ళకి ఇంకా చేరలేదు.

ఇందులో మనకేం పని, అది ప్రభుత్వం చూసుకోవాలి అంటారు. చూసుకోవాలి, నిజమే. రేబీస్ చావుల్ని 2030 నాటికి లేకుండా చేస్తామని కేంద్రం 2021లో కార్యాచరణ ప్రణాళిక కూడా విడుదల చేసింది. అయితే ఊరి మొదట్లో ఆర్చీ కట్టించడం కూడా ప్రభుత్వం పనే కదా, మరి దానికి మనం డాలర్లు పంపలేదా? విగ్రహాలకి, గుడి గోపురాలకి, కల్యాణ మండపాలకి పంపలేదా? వాటి మీద మన పేరు చెక్కుతారు. కుక్క మీద ఎవరూ పేరు చెక్కరు, చిక్కు అదొక్కటే.

2024 ఆగస్టు 1 నుంచి అమెరికాలోకి కుక్కని తేవాలంటే కొత్త నియమాలు వచ్చాయి. రేబీస్ ముప్పు ఎక్కువ ఉన్న దేశాల జాబితాలో మన దేశం ఉంది. అక్కడ టీకా వేయించిన కుక్కని ఇక్కడికి తెచ్చుకోవాలంటే ఆరు నెలల వయసు నిండాలి, చర్మం కింద మైక్రోచిప్ ఉండాలి, టీకా సర్టిఫికెట్ ఉండాలి, రక్తపరీక్ష ఫలితం గానీ 28 రోజుల క్వారంటైన్ గానీ ఉండాలి. అమెరికా తన వీధుల్ని అంత భద్రంగా చూసుకుంటోంది. తప్పు పట్టడానికేం లేదు. మన ఊళ్ళో బడికి నడిచి వెళ్ళే మన మేనకోడలి దారిలో ఉన్న కుక్కల గురించి ఒక్క కాగితం అడిగే నాథుడు మాత్రం లేడు. ఆ కాగితం మనం అడుగుదాం.

పని పెద్దది కాదు. మీ ఊరు, పోనీ మీ మండలం తీసుకోండి. పశువుల ఆసుపత్రి డాక్టరుతో, సర్పంచ్‌తో మాట్లాడండి. ముందు కుక్కల్ని లెక్కపెట్టించండి. వేసినదానికి వేసినట్టు రంగు గుర్తు పెట్టించండి. వారం తర్వాత వీధులు తిరిగి, కనిపించిన పదింటిలో ఎన్నిటికి గుర్తుందో చూడమనండి. ఏడు లేకపోతే మళ్ళీ వెళ్ళమనండి. పట్టుకునే కుర్రవాళ్ళకి ముందుగానే టీకాలు వేయించండి, కూలి సరిగ్గా ఇవ్వండి. సెప్టెంబరు 28 ప్రపంచ రేబీస్ దినం, పాశ్చర్ పోయిన రోజు. ఏటా ఆ వారం పెట్టుకుంటే గుర్తుంటుంది. బడిలో పిల్లలకి సబ్బూ నీళ్ళ సంగతి ఆరోజే చెప్పించవచ్చు. ఒక్క ఏడాది చేసి ఆపేసే ఉద్దేశం ఉంటే మాత్రం మొదలుపెట్టకండి. ఐదేళ్ళకి సరిపడా డబ్బు ముందే పక్కన పెట్టుకుని మొదలుపెట్టండి. మొదటి ఏడాది ఫొటోలు పంపమని అడగొద్దు. గుర్తు లేని మూడు కుక్కలు ఏ వీధిలో ఉన్నాయో చెప్పమని అడగండి.